నల్లగుట్ట ఊపిరి

కృత్తిక కార్తె, మొదట్లో

ఫ్యాన్ బెల్టు మార్చాను. పాతది అంచుల్లో పీచు లేచింది. ఇంకొన్నాళ్లు లాగేదేమో. కానీ ఈ పనిలో ఉన్నవాళ్లు "ఏమో"ని నమ్ముకోకూడదు.

పొద్దున్నే పైకెళ్లి సోలార్ పలకల మీద దుమ్ము తుడిచాం. ఎండ గుట్ట దాటి రాకముందే ఆ పని అయిపోవాలి. ఆ తర్వాత పలక అంచు ముట్టుకుంటే చేతికి బొబ్బలొస్తాయి. కిందికి దిగుతూ గని నోటి దగ్గర వేలాడే గోనె తెరలు తడిపాం. నిన్న మధ్యాహ్నం బయట యాభై రెండు డిగ్రీలు. లోపల ముప్పై. ఆ తేడా మీదే మా ఊరు బతుకుతోంది.

ఏటా భరణి కార్తెలో నల్లగుట్ట గనిలోకి దిగుతాం. మృగశిరలో వాన పడ్డాక పైకొచ్చి జొన్న వేసుకుంటాం, ఇళ్ల కప్పులు బాగుచేసుకుంటాం. ఎండలు ముదిరితే మళ్లీ దిగుతాం. మా పెళ్లిచూపులు, పిల్లల పరీక్షలు, వాటాల తగాదాలు సగం భూమి లోపలే జరుగుతాయి. మాలో అందరికంటే పెద్దవాడు రిత్విక్ తాత. గాలి గొట్టం కింద మంచం వేసుకుని పడుకుని, వచ్చేపోయేవాళ్లకు వినబడేలా మాట్లాడతాడు.

"మా తాత ఈ బొగ్గంత తవ్వి పైకి పంపిండు బిడ్డా. అది కాలి కాలి ఎండైంది. ఆ ఎండ మనల్ని తోలుకొచ్చి, మా తాత తవ్విన బొందలనే పడేసింది. ఎవల్ని తిట్టాల్నో సమజైతలేదు."

సమజు కాకపోయినా రోజూ ఎవరినో ఒకరిని తిడతాడు.

ఈ లాగ్ రాయడం ఫ్యాన్ చూసేవాళ్ల పని. నాకు ముందు అమ్మ రాసేది. నా పేరు జక్కుల తన్విత. గాలి ఎంత పోయింది, ఎక్కడ తగ్గింది అన్నది రాస్తే చాలు. మిగతావి రాయొద్దని ఎవరూ అనలేదు కాబట్టి అవీ రాస్తున్నాను.

మా గనికి నోరు ఒక్కటే. అక్కడ ఫ్యాన్ ఉంది. ఫ్యాన్ నుంచి పెద్ద గుడ్డ గొట్టం సొరంగం కప్పు పొడవునా లోపలికి పోతుంది. మంచి గాలి గొట్టంలోంచి లోపలికి వస్తుంది, వాడిన గాలి మేం నడిచే దారిలోనే బయటికి పోతుంది. గొట్టం ఎంత దూరం పోతే మనిషి అంత దూరమే ఉండగలడు. అవతల ఇంకా ఎన్నో గ్యాలరీలు చల్లగా, చీకటిగా, ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉన్నాయి.

కొన్నేళ్ల కిందట కప్పు రాయి ఊడిపడి గొట్టం చిరిగింది. తూర్పు గ్యాలరీలో మధ్యాహ్నం కునుకు తీసినవాళ్లు మళ్లీ లేవలేదు. నా తమ్ముడు నిఖిలేష్ కొడుకు విహాన్ వాళ్లలో ఉన్నాడు. ఆరేళ్లవాడు. నిఖిలేష్ ఇప్పుడు గని పెద్ద. మేమే ఎన్నుకున్నాం. గని నోటికున్న గేటు తాళంచెవి వాడి మొలతాడుకే ఉంటుంది. స్నానానికి పోయినా తియ్యడు.

కృత్తిక చివర

రోజూ సాయంత్రం వైర్‌లెస్‌లో ఆశ్రయ మండలివాళ్లు పిలుస్తారు. బియ్యం, బ్యాటరీలు, మందులు వాళ్లే పంపుతారు. ఎవరు ఏ ఆశ్రయంలో ఉండాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు. మేం ఎంతమందిమో చెబుతాను. ఆ తర్వాత వాళ్లు "నిండిందా?" అని అడుగుతారు. ఎప్పుడూ అవుననే చెబుతాను.

ఈ రోజు మండలి ఇన్‌స్పెక్టర్ చరణ్‌తేజ స్వయంగా మాట్లాడాడు. మైదానంలో ఆశ్రయాలుగా వాడే కొన్ని గోదాముల్లో కూలింగ్ మిషన్లు ఇబ్బంది పెడుతున్నాయట. రిపేరు జరుగుతోందట. "మీకు కేటాయించని మనుషులెవరైనా వస్తే లోపలికి రానివ్వకండి. చోటు విడిచి వచ్చినవాళ్లకు ఎక్కడా చోటు లేదు. ఇది ఆదేశం" అన్నాడు.

నిఖిలేష్ నా పక్కనే నిలబడి విన్నాడు.

"వస్తరా అక్కా?" అన్నాడు.

"మనమైతే పోమా?" అన్నాను.

వాడు వెళ్లి గేటు కీలుకు నూనె వేసి వచ్చాడు.

రోహిణి కార్తె

వచ్చారు.

తెల్లవారుతుండగా పలకలు తుడుస్తున్నాం. పాత రైలు కట్ట మీద ముందు దుమ్ము లేచింది, తర్వాత మనుషులు కనబడ్డారు. సామాను చాలామటుకు దారిలోనే వదిలేసినట్టున్నారు. చేతుల్లో నీళ్ల డబ్బాలు, చంకల్లో పిల్లలు. ఒకాయనను చెక్క పలక మీద పడుకోబెట్టి నలుగురు మోస్తున్నారు. ముందు నడిచే ఆమె తలకు చుట్టుకున్న తువ్వాలు ఎప్పుడో ఆరిపోయింది. పేరు మెహజబీన్. ఎర్రకుంట గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేదట. పలక మీద ఉన్నది వాళ్ల నాన్న.

నిఖిలేష్ గేటు లోపల, ఆమె గేటు బయట.

"మిషన్లు బందై శాన దినాలైంది అన్నా. రిపేరోళ్లు వస్తున్నరన్నరు, రాలే. బయటి నుంచి తాళమేసిండ్రు. ఫోర్క్‌లిఫ్ట్‌తోని తలుపు గుద్దిన, అందరం బయటపడ్డం. లోపలికి రానియ్యండి. ఎండెక్కుతున్నది."

"నీళ్లిస్త. అంబలిస్త. అవతల నాలుగో గని ఉంది, ఆడ అడుగుండ్రి."

"ఆడికెల్లే వస్తున్నం. వాళ్లు నల్లగుట్ట అడుగుండ్రి అన్నరు."

నిఖిలేష్ నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు. ఇంతమందికి గాలి సరిపోతదా?"

"కష్టమైతది. తలనొప్పులొస్తయి, ఆయాసమొస్తది."

"ఎవరన్న చస్తరా?"

"తెల్వదు."

"నీకే తెల్వకపోతే నేనెట్ల తియ్యాలె? మనోళ్లను పెట్టి చూడాల్నా?"

వాడి గొంతులో కోపం లేదు. ఉంటే పోట్లాడేదాన్ని. వాడి కళ్లు గేటు బయట ఉన్న పిల్లల మీద ఉన్నాయి. మనసు మాత్రం తూర్పు గ్యాలరీలో ఉందని నాకు తెలుసు. తాళం తియ్యలేదు. నీళ్ల డ్రమ్ములు బయట పెట్టించి, పాత బొగ్గు బంకర్ నీడన కూర్చోమన్నాడు. చల్లబడ్డాక నడిచి ఎక్కడికైనా వెళ్లమన్నాడు.

ఆ బంకర్ ఇనుముది. పదకొండయ్యేసరికి దాని కింద నీడ ఉన్నా లాభం ఉండదు.

నేను ఫ్యాన్ హౌస్‌లో కూర్చోలేకపోయాను. చిన్న ఫ్యాన్ ఒకటి, పాత గొట్టం చుట్టలు కొన్ని స్టోరులో ఉన్నాయి. వాటిని లాక్కొచ్చి, గేటు చువ్వల మధ్యనుంచి గొట్టం బయటికి తోసి, గనిలోని చల్ల గాలిని బంకర్ వైపు ఊదించాను. గొట్టం సగం దూరమే వచ్చింది. నిఖిలేష్ చూశాడు. ఆపుతాడనుకున్నాను. చివరి చుట్ట ముడి పడితే వచ్చి విప్పి వెళ్లిపోయాడు.

బంకర్ కింది నుంచి ఒక్కొక్కరే పాక్కుంటూ గొట్టం కొస దగ్గరికి వచ్చారు. పిల్లల తలలు దాని మూతి దగ్గర పెట్టి, మీద తడి బట్టలు కప్పి, పెద్దవాళ్లు ఎండకు వీపులు అడ్డం పెట్టి కూర్చున్నారు. మధ్యాహ్నమంతా చువ్వల మధ్యనుంచి అదే చూశాను.

సాయంత్రం మండలి పిలిచింది.

"నల్లగుట్ట, నిండిందా?"

"లేదు" అన్నాను.

అవతలి నుంచి, "మళ్లీ చెప్పండి."

"నిండలేదు. మనుషులు బయట ఉన్నరు. తీసుకుంటున్నం."

అప్పటికి గేటు మూసే ఉంది. గేటు ఎలా తెరిపించాలో నాకు తెలియదు. ముందు మాట అనేస్తే తర్వాత దారి దొరుకుతుందనుకున్నాను.

సెట్ ఆపి బయటికొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. నిఖిలేష్ గొట్టం కొస దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. మెహజబీన్ నాన్న చనిపోయాడు. ఎండలో నీళ్ల డ్రమ్ము దాకా వెళ్లిన ఒక యువకుడు కూడా తిరిగి రాలేదు. డ్రమ్ము పక్కనే పడి ఉన్నాడు. నిఖిలేష్ ముందు ఆ యువకుణ్ని, తర్వాత ముసలాయనను రెండు చేతుల మీద మోసుకొచ్చి నీడన పడుకోబెట్టాడు. మెహజబీన్ వాడి ఎదురుగా నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. వాడూ అదే అనుకున్నట్టున్నాడు, కదలలేదు.

"పొద్దుగాలనే తీస్తే బతికుండెటోడు" అంది ఆమె.

"అవును" అన్నాడు వాడు.

అందరూ లోపలికి వచ్చాక నా దగ్గరికి వచ్చాడు.

"గాలి నువ్వు చూసుకో అక్కా. ఇంక నేను గేటు ముయ్య. నువ్వేం చేస్తవో నాకు తెల్వదు, ఎవ్వలూ చావద్దు."

రోహిణి, రెండో వారం

అందరికీ తలనొప్పి. పిల్లలు పాఠాల మధ్యలో నిద్రపోతున్నారు. గాలి మీటరు రోజంతా పసుపు గీత దగ్గరే ఊగుతోంది. ఎర్ర గీత దాటితే మనుషుల్ని బయటికి తరలించాలి, కానీ బయట ఎక్కడికి? ఫ్యాన్‌ను దాని శక్తికి మించి తిప్పుతున్నాను. బేరింగ్ వేడెక్కితే తడి గుడ్డ వేస్తున్నాను.

కొందరు మావాళ్లు వచ్చినవాళ్లతో మాట్లాడటం మానేశారు. నీళ్ల దగ్గర వరసలో గొణుగుడు వినబడుతోంది. రిత్విక్ తాత మాత్రం తన మంచం వాళ్ల ఇద్దరు పిల్లలకు ఇచ్చి, కింద బొంత పరుచుకున్నాడు. ఇప్పుడు తిట్టడానికి కొత్త మనుషులు దొరికారని సంతోషంగా ఉన్నాడు.

ఉన్న గొట్టాలన్నీ కలిపి ఇంకో గ్యాలరీకి పొడిగిద్దామని మెహజబీన్, నేను కలిసి పడమర వైపు చూడటానికి వెళ్లాం. చాలా దూరం పోయాక కప్పు కూలిన చోటు వచ్చింది. రాళ్ల గుట్ట, పైన మనిషి పాకేంత సందు. అవతలికి పాకాం. అక్కడ సొరంగానికి అడ్డంగా ఇటుక గోడ ఉంది. గని మూసేసినప్పుడు కట్టిన గోడ. దాని మధ్యలో పగులు ఒకటి నిలువునా ఉంది.

మెహజబీన్ ఆ పగులు దగ్గర చెయ్యి పెట్టింది. "అక్కా, ఈడ గాలి కొడుతున్నది."

నేనూ పెట్టాను. సన్నగా, వదలకుండా వస్తోంది. ఫ్యాన్‌కు ఇంత దూరంలో గాలి ఎక్కడిది?

ఈ గోడ వెనక గాలి బావి ఉండాలి. బొగ్గు తవ్విన రోజుల్లో గుట్ట నెత్తి నుంచి నిట్టనిలువుగా దింపిన బావి. పైన సిమెంటు పలక వేసి మూసేశారని అమ్మ చెప్పేది. ఆ పలక ఎక్కడో బీటలిచ్చి ఉండాలి.

కూర్చుని ఆలోచించాను. మా గనిలో గాలి చల్లది, కాబట్టి బరువైనది. దానికి దారి ఇస్తే కిందనున్న గని నోట్లోంచి నీళ్లలా బయటికి జారిపోతుంది. పోయినదాని చోటులోకి గుట్ట మీది బావి నుంచి కొత్త గాలి దిగుతుంది. పై గాలి ఎంత వేడిదైనా అంత లోతు రాతి మధ్య నుంచి వచ్చేసరికి చల్లబడుతుంది. బయట ఎండ ముదిరేకొద్దీ లోపలికీ బయటికీ తేడా పెరుగుతుంది, గాలి ఇంకా జోరుగా కదులుతుంది. ఫ్యాన్ అక్కర్లేదు. బ్యాటరీ అక్కర్లేదు.

అంటే మమ్మల్ని చంపడానికి వచ్చిన ఎండ చేతే మా గాలి తోలించుకోవచ్చు.

"ఏందక్కా, నవ్వుతున్నవు?" అంది మెహజబీన్.

అప్పుడే నా నడుముకు కట్టుకున్న మీటరు కూత పెట్టింది. పగుల్లోంచి వచ్చేది మంచి గాలి కాదు. గోడ వెనక ఇన్నేళ్లూ నిలవున్న చెడ్డ గాలి. పీల్చితే నిద్రపట్టినట్టు పట్టి మనిషి పోతాడు. ఇద్దరం ఎంత వేగంగా పాకామంటే ఇద్దరి మోకాళ్లూ చీరుకుపోయాయి.

మృగశిర కార్తె

మృగశిర వచ్చింది. వాన రాలేదు.

గని మధ్యలో అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. కూలిన రాళ్లు తియ్యాలి. కప్పుకు దుంగలు నిలబెట్టాలి. గుట్ట మీద సిమెంటు పలక పగలగొట్టాలి. చివర్లో గోడ పడగొట్టాలి. గోడ పడినప్పుడు దాని వెనక చెడ్డ గాలి గనంతా నిండుతుంది, కాబట్టి ఆ పూట ఒక్క మనిషి కూడా లోపల ఉండకూడదు. అందరూ బయట ఎండలో ఉండాలి. ఎంతసేపో చెప్పలేను.

"గాలి కదలకపోతే?" అని ఎవరో అడిగారు.

"కదలకపోతే మనకు గని లేదు" అన్నాను.

మాట్లాడుతుండగానే మండలి పిలిచింది. సెట్‌ను మధ్యలోకి తెచ్చాను, అందరూ వినాలని. చరణ్‌తేజ గొంతు అలసిపోయి ఉంది.

"మీరు ఎర్రకుంటవాళ్లను పంపించేస్తే ఇంతటితో వదిలేస్తాం. లేదంటే బియ్యం బండి రాదు. బ్యాటరీలు, సోలార్ పలకలు మండలివి. వెనక్కి తీసుకుంటాం. దయచేసి అర్థం చేసుకోండి."

ఎవరూ నన్నడగలేదు. నీళ్ల వరసలో అందరికంటే ఎక్కువ గొణిగే లాస్య లేచి వచ్చింది. ఆమె నిఖిలేష్ భార్య, విహాన్ తల్లి. వాడు పోయినప్పటినుంచి పదిమందిలో గొంతెత్తి మాట్లాడటం నేను వినలేదు. మైకు నా చేతిలోంచి తీసుకుంది.

"సార్, నా కొడుకు గాలి లేక పోయిండు. గాలి లేకుంట ఎట్ల పోతరో నాకు తెలుసు. ఇంకొకళ్ల పిల్లల్ని నా చేతుల మీదికెల్లి అట్ల పంపమంటున్నరు మీరు. పంపం. బియ్యం మీరే తినుండ్రి."

మైకు కింద పెట్టి నిఖిలేష్ వైపు తిరిగింది. "పారలు ఏడున్నయి?"

అప్పటినుంచి పని ఆగలేదు. ఒక గుంపు రాళ్లు తీస్తుంది, ఒక గుంపు మోస్తుంది, ఒక గుంపు పడుకుంటుంది. మీటరు కూస్తే వెనక్కి వచ్చి, తగ్గాక మళ్లీ పోతారు. ఎర్రకుంటవాళ్లకు బరువులు ఎత్తడం, పేర్చడం వెన్నతో పెట్టిన విద్య. దుంగల కింద చెక్కలు ఎలా బిగించాలో మావాళ్లకు చూపించారు. మావాళ్లు రాయిని సుత్తితో తట్టి, చప్పుడు విని, ఏది ఊడుతుందో వాళ్లకు చెప్పారు. ఒకరోజు కప్పు నుంచి పెచ్చు ఊడి నిఖిలేష్ భుజం మీద పడింది. మెహజబీన్ వాణ్ని కాళ్లు పట్టి బయటికి ఈడ్చింది. భుజం జారింది. వాడికి స్పృహ వచ్చాక ఆమె అన్న మాట ఇది.

"నిన్ను బతికించింది మాఫ్ చేసి కాదు. పని ఇంక మిగిలుంది."

వాడు తల ఊపాడు. రెండో చేత్తో తట్ట అందుకున్నాడు.

గుట్ట మీద పలక పగలగొట్టడానికి తెల్లవారుజామున కొద్దిసేపే దొరికేది. సిమెంటు రాత్రంతా వేడి వదలదు. చెప్పుల అడుగులు అంటుకుంటాయి. మెహజబీన్ సమ్మెట ఎత్తితే దాని పిడికి కట్టిన తడి గుడ్డ నుంచి ఆవిరి లేచేది. ఒక తెల్లవారుజామున పలక నడుమ పెద్ద ముక్క విరిగి లోపలికి జారింది. అది అడుగుకు తగిలిన చప్పుడు కోసం అందరం ఊపిరి బిగబట్టి విన్నాం. చాలాసేపటికి వినబడింది. బావి పూడిపోలేదు.

మృగశిర చివర

ఈ రోజు గోడ పడగొట్టాం. అరచేతులు తాడుకు ఒరుసుకుపోయాయి. అయినా ఇప్పుడే రాయాలి.

తెల్లవారకముందే అందరినీ బయటికి తెచ్చాం. చెడ్డ గాలి బరువైనది, పల్లానికి పారుతుంది. అందుకని గని నోటికి పక్కన, ఎత్తు మీద, గోనెలూ దుప్పట్లూ కట్టి పందిరి వేశాం. నడవలేని వాళ్లను మోసుకొచ్చాం. రిత్విక్ తాత నడుస్తానని పట్టుబట్టి నడిచాడు. ఉన్న నీళ్లన్నీ బయట పెట్టాం.

గోడకు ముందే గునపాలు దిగ్గొట్టి, తాడు కట్టి, తాడును గని నోటి దాకా లాగి ఉంచాం. నా లెక్క ఒకటే. గోడ పడ్డాక లోపల ఎవరూ ఉండకూడదు. వందలమంది తాడు పట్టుకున్నారు. నిఖిలేష్ ఒంటిచేత్తో పట్టుకున్నాడు. "ఐలెస్సా" అంటే అందరూ లాగారు. మూడోసారికి తాడు ఒక్కసారిగా వదులై సగంమంది వెల్లకిలా పడ్డారు. లోపల ఎక్కడో గోడ కూలిన చప్పుడు ఉరిమినట్టు వచ్చింది.

తర్వాత ఏమీ జరగలేదు.

గని నోట్లో కర్రకు వేలాడదీసిన మీటరు ఎర్ర గీత దాటింది. దూరం నుంచే దాని కూత వినబడుతోంది. ఎండ గుట్ట మీదికి వచ్చింది. గోనె తెరలు కదలకుండా వేలాడుతున్నాయి. లోపలి గాలి, బయటి గాలి ఇంకా ఇంచుమించు ఒకే వేడిలో ఉన్నాయి. కదలడానికి దానికి కారణం లేదు.

"ఇంకెంత సేపు?" అన్నాడు నిఖిలేష్.

"ఎండ ఇంకా ముదరాలె."

"ముదిరితే ఈళ్లు ఆగుతరా?"

పిల్లలు ఏడుస్తున్నారు. దుప్పట్లు తడిపిన నీళ్లు కళ్లముందే ఆరిపోతున్నాయి. ఒక ముసలామె వాంతి చేసుకుంది. ఎవరో "లోపలికే పోదాం, ఏమైతే అదైంది" అని లేచారు. మెహజబీన్ వాళ్ల దారికి అడ్డంగా నిలబడింది. చేతులు చాచి నిలబడింది, అంతే. నేను జీవితంలో మొదటిసారి ఎండకు దండం పెట్టాను. ఇంకా కాయి, నీ బలమెంతో చూపించు అన్నాను. దండమో, సవాలో.

తెర కింది అంచు కదిలింది.

ముందు నాకే అనిపించిందేమో అనుకున్నాను. తర్వాత తెర బయటికి ఉబ్బింది. లోపల నుంచి ఎవరో తోస్తున్నట్టు. పాత మట్టి, కుళ్లిన కర్ర, తడి బొగ్గు కలిసిన వాసన పల్లం వైపు పారింది. ఎవరూ లేవొద్దని అరిచాను. మీటరు కూస్తూనే ఉంది. ఎండ ముదిరేకొద్దీ తెర ఇంకా ఇంకా ఎగిరింది. చివరికి తాళ్లు తెంపుకుంటుందేమో అన్నట్టు కొట్టుకుంది. మీటరు కూత మధ్యలో ఆగింది, మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది.

ఇక కూయలేదు.

మొదట నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. చేతిలో మీటరు, నడుముకు తాడు. తూర్పు గ్యాలరీ దాకా వెళ్లాను. ముల్లు పచ్చ గీతలో ఉంది. నేను ఫ్యాన్ హౌస్‌లో చేరిన రోజు నుంచి అక్కడ ముల్లు అంత కిందికి దిగడం చూడలేదు. అక్కడే కాసేపు కూర్చున్నాను. తర్వాత తాడు రెండుసార్లు లాగాను, రమ్మని.

ఎండదెబ్బకు ఆ ముసలామె సాయంత్రం కన్నుమూసింది. మా ఊరామే. పేరు హాసిని. ఆమె మనవలు తాడు లాగినవాళ్లలో ఉన్నారు. ఇది కూడా రాయాలి.

ఆరుద్ర కార్తె

మండలి బండి వచ్చింది. చరణ్‌తేజ, అతనితో పాటు కొందరు మనుషులు, రెంచీలు. సన్నగా, నలిగిపోయిన మొహంతో ఉన్న కుర్రవాడు. గొంతు విని పెద్దవాడనుకున్నాను. గేటు తెరిచే ఉండటం చూసి ఆగాడు.

"రండి సార్. లోపలికెల్లి విప్పుకోండి. బయట మాడిపోతరు" అన్నాడు నిఖిలేష్.

"మీరు అడ్డుకుంటారనుకున్నాం."

"బ్యాటరీలు, పలకలు మీయి. తీస్కపోండి. మనుషులను మాత్రం ఇయ్యం."

చరణ్‌తేజ నీళ్లు తాగి, మెల్లగా అన్నాడు. "మీకు నా మీద కోపం ఉంటుంది. కానీ ఒకచోట గేటు తెరిస్తే అన్ని చోట్లా జనం నడవడం మొదలుపెడతారండీ. ఎవరు ఎక్కడున్నారో తెలియదు. ఎవరికి ఏం పంపాలో తెలియదు. ఈ మాత్రం వ్యవస్థ కూడా మిగలదు."

"తాళమేసిన గోదాంల మేం మిగిలినమా సార్ మీ వ్యవస్థల?" అంది మెహజబీన్. "ఫోర్క్‌లిఫ్ట్ లేకపోతే నేను గూడ మీ లెక్కలనే ఉండేదాన్ని. లెక్క కరెక్టుగుండేది. మనుషులే ఉండకపోదురు."

అతను తల దించుకున్నాడు. తన మనుషులకు సైగ చేశాడు. వాళ్లు బ్యాటరీల తీగలు, సోలార్ పలకల తీగలు విప్పారు. నేను పుట్టినప్పటినుంచి ఎండాకాలమంతా వింటున్న ఫ్యాన్ మోత తగ్గి, తగ్గి, ఆగిపోయింది. గనిలో ఉన్న ప్రతి మనిషీ చేస్తున్న పని ఆపాడు. లాస్య నా చెయ్యి పట్టుకుంది. ఆ నిశ్శబ్దం ఏమిటో ఆమెకు తెలుసు.

తెర ఎగురుతూనే ఉంది. చల్ల గాలి మా వీపుల మీదుగా బయటికి పారుతూనే ఉంది. చరణ్‌తేజ మొహం మీద చెమట ఆరింది. ఫ్యాన్ వైపు చూశాడు. తెర వైపు చూశాడు.

"ఆపేశాం కదా. ఇది ఎక్కడి నుంచి వస్తోంది?"

బొంత మీద నుంచి రిత్విక్ తాత అన్నాడు. "గుట్ట ఊపిరి తీస్తున్నది సార్. దాన్ని గూడ విప్పుకొని పోతరా?"

ఎవరో నవ్వారు. తర్వాత గనంతా నవ్వింది. మండలి మనిషి ఒకడు కూడా రెంచి చేతిలో పట్టుకుని నవ్వాడు. ఎండ తగ్గేదాకా వాళ్లు మాతోనే ఉన్నారు. పుట్టగొడుగుల కూర, జొన్న రొట్టె పెట్టాం. బియ్యం లేదని చెప్పాం. వెళ్లేముందు చరణ్‌తేజ నన్ను పక్కకు పిలిచి గాలి బావి గురించి అడిగాడు. దాచలేదు. ముందు పైన పలక, తర్వాత గోడ, గోడ పడేటప్పుడు లోపల ఒక్కరు కూడా ఉండకూడదు అని రెండుసార్లు చెప్పాను. వింటూ ఉన్నాడు. ఎవరికి చెబుతాడో, చెప్పడో అతని ఇష్టం. వైర్‌లెస్‌కు సరిపడే చిన్న సోలార్ పలక ఒకటి మాకు మిగిలింది. నేనైతే ఆ సాయంత్రమే అన్ని గనులకూ చెప్పాను. తాత పెట్టిన పేరు కూడా చెప్పాను, గుట్ట ఊపిరి అని.

ఆరుద్ర, నాలుగో గని దగ్గర

ఇది అట్ట ముక్క మీద రాస్తున్నాను. తెల్లవారుతుండగా చేరాం. నిఖిలేష్, లాస్య, మెహజబీన్, నేను, ఇంకా మావాళ్లూ ఎర్రకుంటవాళ్లూ కొందరం. సమ్మెటలు, గునపాలు, తాడు చుట్టలు తెచ్చాం. తెల్లవారగానే నల్లగుట్టలో గాలి కాసేపు నిలబడిపోతుంది. ఆ సమయంలో అందరినీ బయట కూర్చోబెట్టే బాధ్యత రిత్విక్ తాతకు అప్పగించి వచ్చాం. ఆయన తిట్లకు జడిసి ఎవరూ లోపల ఉండరు. వాన ఇంకా రాలేదు. మబ్బు కూడా లేదు.

నాలుగో గని గేటు మూసి ఉంది. మేం వైర్‌లెస్‌లో చెప్పిన మాటలు ఇక్కడ నమ్మలేదట. చువ్వల వెనక వాళ్ల పెద్దమనిషి నిలబడ్డాడు. కళ్ల కింద నల్లటి చారలు. అతని వెనక చీకట్లో చాలామంది దగ్గుతున్నారు.

"మా దగ్గర చోటు లేదు. వెనక్కి పోండి" అన్నాడు.

నిఖిలేష్ గేటు దాకా వెళ్లాడు. జారిన భుజం ఇంకా కట్టులోనే ఉంది.

"ఉండనీకి రాలేదన్నా. మీ గాలి బాయి తెరవనీకి వచ్చినం. గుట్ట మీదికి తొవ్వ ఎటు?"

ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. సమ్మెటలను చూశాడు. ఎండ మా కాళ్ల దగ్గరికి వచ్చేసింది. మెహజబీన్ ఆగలేదు. సమ్మెట భుజాన వేసుకుని, తొవ్వ తనే వెతుక్కుంటూ గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె వెనక మేం కదిలాం. సగం ఎక్కాక కింద ఇనుప గొళ్లెం తీసిన చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే పారలు పట్టుకుని వాళ్లు కూడా ఎక్కుతున్నారు.